గోడ మీద యాళి

“మా హాల్లో ఎదురుగోడ బోసిగా ఉంది. ఫొటోలు పెడితే గోడకు చాలటం లేదు. కాలెండరంటే మావారు ఒప్పుకోరు. ఏం పెట్టమంటారు?” అని ఒక సోదరి వ్రాశారు.

గోడల జోలికి నేను సాధారణంగా పోను. ఎవరి గోడ వారిష్టం. కాని ఆ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి నేను సరిగ్గా అటువంటి బోసిగోడ ముందే పీట వేసుకుని కూర్చుని, మోచేతులదాకా మైదాజిగురు పూసుకుని ఉన్నాను. అందుచేత జవాబు కొంచెం పొడుగవుతుంది. ఓపిక పట్టండి.

రాజమండ్రిలో మా మేనమామగారి హాల్లో, వీధిగుమ్మానికి ఎదురుగా, నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఒక అడవిదున్న తల ఉండేది. మెడవరకూ ఇవతల ఉంది గనక తక్కిన దున్నంతా గోడ అవతల నిలబడి ఉంటుందనుకుని, చిన్నప్పుడు నేను వెనకగదిలోకి వెళ్ళి చూసి వచ్చాను కూడా. తల కింద ఇత్తడి రేకు. రేకుమీద మా తాతగారి పేరు, “మారేడుమిల్లి, జనవరి 1956” అని, కొమ్ముల కొలత. వచ్చినవారల్లా ఆ రేకు చదివి, కొమ్ములు చూసి, “అబ్బో” అనుకుని, ఆ తరువాతే కుర్చీలో కూర్చునేవారు. నా పెళ్ళిచూపులు దాని కిందనే జరిగాయి. పెళ్ళికొడుకు నావైపు చూసినదానికంటే దానివైపు చూసినదే ఎక్కువ.

డెబ్బై ఏళ్ళు గడిస్తే ఏ తల మాత్రం నిలుస్తుంది? వెంట్రుకలు రాలాయి. చిమటలు పట్టాయి. ఒక చెవి ఊడి అత్తయ్య పూజకు కోసుకొచ్చిన పూలసజ్జలో పడింది. కిందటి ఏడు వానాకాలంలో మూతి పగిలింది. పగిలితే లోపల ఏముందనుకున్నారు? గడ్డి, సుద్ద, అట్టలా బిగిసిన పాతకాగితం! దున్నకు సంబంధించినవి పైతోలూ, కొమ్ములూ మాత్రమే. తక్కిన శౌర్యమంతా కాగితం.

ఇక్కడ రెండు మాటలు అవసరంగా చెప్పాలి. మీ యిళ్ళలోనూ తాతలనాటి జింకతలో, పులితోలో ఉండవచ్చు. పాతదే గదా అని వాటిని అమ్మటానికిగాని, స్నేహితులకు కానుకగా యివ్వటానికిగాని వీల్లేదు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, తరువాత దానికి జరిగిన సవరణలూ ఆ పని ఒప్పవు. రక్షిత జంతువుదైతే అటవీశాఖకు తెలియజేసి యాజమాన్యపు పత్రం పొంది ఉండాలి. వారసులకు సంక్రమించవచ్చును గాని బజారుకు పోకూడదు. రెండో మాట, పూర్వం తోలు పాడవకుండా లోపలివైపు పాషాణం, అంటే ఆర్సెనిక్, కలిపిన సబ్బు పూసేవారు. కాబట్టి రాలుతున్న తలలను పిల్లలచేత దులిపించకండి. మీరు ముట్టుకున్నా చేతికి తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మావయ్య దగ్గర పత్రం ఉంది. అటవీశాఖవారికి అర్జీ పెట్టి, తలను వారికే అప్పగించి రశీదు తెచ్చుకున్నాడు.

తల పోయింది, గోడమీద మచ్చ మిగిలింది. చుట్టూ పసుపు తిరిగిన సున్నం, మధ్యన దున్న ఆకారంలో తెల్లటి మచ్చ. రెండుసార్లు వెల్ల వేయించినా అది ఎట్లాగో పైకి వస్తూనే ఉన్నది. వచ్చినవారు ఇప్పుడు ఆ మచ్చను చూసి, “ఇక్కడ ఏదో ఉండాలే!” అంటున్నారు. మావయ్య మాత్రం ఏమీ అనడు. పేపరు పట్టుకుని గోడకు వీపు తిప్పి కూర్చుంటాడు. పరువుపోయిందని బాధపడుతున్నాడని మేమంతా అనుకున్నాం.

వేసవి సెలవులకు నేను వెళ్ళేటప్పటికి మనవరాలూ మనవడూ ఆ గోడ గురించే కొట్లాడుకుంటున్నారు. పిల్లకు పధ్నాలుగు, పిల్లవాడికి పదకొండు.

“ఏ అడవిలోనూ లేని జంతువు తల చేసి పెడదాం, అత్తా. అప్పుడు ఎవరికీ పత్రం అక్కరలేదు” అంది పిల్ల.

“డ్రాగను!” అన్నాడు వాడు.

“డ్రాగను మనకెందుకురా? మనకు యాళి లేదూ?” అంది. క్రితం ఏడు బడివాళ్ళు హంపీ తీసుకువెళ్ళినప్పుడు విఠలాలయం స్తంభాలమీద యాళులను చూసి వచ్చిందిలెండి. సింహం ఒళ్ళు, ఏనుగు తొండం, పొట్టేలు కొమ్ములాగా చుట్టుకున్న జూలు, ఉబ్బిన కనుగుడ్లు. వ్యాళమన్నా అదే. శిల్పులు దానికి ఒకసారి ఏనుగు మొహం పెడతారు, ఒకసారి గుర్రానిది, ఒకసారి మనిషిది. వారికి లేని అభ్యంతరం మనకెందుకు?

మావయ్య పేపరు వెనకనుంచి, “చేస్తే చెయ్యండి. చచ్చినదాని మొహంలా మాత్రం ఉండకూడదు” అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఈ సరదా మనం కొత్తగా కనిపెట్టింది కాదు. జర్మనీలో బవేరియా ప్రాంతంలో వోల్పర్టింగర్ అని ఒక జంతువు ఉందంటారు. కుందేలు తలకు జింక కొమ్ములు, వీపున పక్షి రెక్కలు. మ్యూనిక్‌లోని వేట మ్యూజియంలో వాటిని అద్దాల పెట్టెలో పెట్టి మరీ చూపిస్తారు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో డగ్లస్ అనే ఊరు ఉంది. ఆ ఊరివాడైన డగ్లస్ హెరిక్ 1930ల దశకంలో కుందేలు తలకు కొమ్ములు తగిలించి గోడకు కొట్టాడు. దాని పేరు జాకలోప్. ఊరంతా ఆ లేని జంతువు పేరుమీద బ్రతుకుతున్నదన్నా తప్పులేదు. పిల్లల పుస్తకాలతో ప్రసిద్ధుడైన డాక్టర్ స్యూస్ కూడా ఆ దశకంలోనే యీ పనిచేశాడు. వాళ్ళ నాన్నగారు స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్ళో పార్కుల అధికారి. అక్కడి జంతుశాల కూడా ఆయన అజమాయిషీలోదే. అక్కడ చనిపోయిన జంతువుల కొమ్ములూ ముక్కులూ కొడుక్కు పంపేవాడు. కొడుకు వాటికి తన ఊహలోని మొహాలు అతికించి గోడకు పెట్టేవాడు.

దీనికి తలకిందులు సంగతి కూడా ఒకటి ఉన్నది. ఆస్ట్రేలియానుంచి ప్లాటిపస్ తోలు లండను చేరినప్పుడు, 1799లో దాన్ని వర్ణించిన జార్జి షా అనే పండితుడికే అనుమానం వచ్చింది, బాతుముక్కు ఎవరో కుట్టి ఉంటారని. కత్తెర పట్టుకుని కుట్లకోసం వెతికాడని చెబుతారు. దేవుడు చేసినదాన్ని నమ్మనివాడు, మైసూరునుంచి వచ్చినదాన్ని నమ్మేవాడేమో!

మైసూరు అంటే గుర్తుకొచ్చింది. మన దేశంలో యీ తలల తయారీకి పెట్టింది పేరు మైసూరులోని వాన్ ఇంజెన్ కార్ఖానా. 1900 ప్రాంతంలో మొదలై 1999లో మూతపడింది. పులులూ చిరుతలూ కలిపి 43,000కు పైగా వారి చేతులమీదుగా వెళ్ళాయని ఒక అంచనా. లెక్క చదివి నేను కాసేపు కాఫీ తాగలేకపోయాను. వారి పనితనం మాత్రం గొప్పది. అచ్చుల్లో కాగితపు గుజ్జు పోసి జంతువు ఆకారం తీసేవారు. దానిమీద తోలు తొడిగేవారు. అంటే మహారాజుల పులులు కూడా లోపల కాగితపు పులులేనన్నమాట. ఆ సంగతి తెలియగానే మా పిల్ల, “తోలు ఒక్కటే గదత్తా తేడా! తోలు మనకెందుకు?” అని తేల్చేసింది.

ఇక పని సంగతికి వస్తాను. ఒక తలకు మాకు ఆరు వారాలు పట్టింది. అందులో రెండు వారాలు నా తప్పువల్ల పట్టినవి.

మొదట కాగితంమీద బొమ్మ వేసుకోండి, ఎదురునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. పక్కబొమ్మ లేకుండా మొదలుపెట్టినవారి తలలన్నీ పళ్ళెంలాగా చప్పిడిగా వస్తాయి. లేని జంతువైనా దానికి ఎముక ఉందనే అనుకోవాలి. దవడ ఎక్కడ కీలు తిరుగుతుంది? చెవికి దగ్గరగా. నోరు తెరిచి మీ చెవిముందు వేలు పెట్టి చూసుకోండి, తెలుస్తుంది. వేటాడే జంతువుకు కళ్ళు ముందువైపు, వేటకు గురయ్యేదానికి పక్కలకు. మా యాళికి సింహపు మొహం గనక కళ్ళు ముందుకే పెట్టాం. తొండం దగ్గర మాత్రం చిక్కువచ్చింది. సింహం ముక్కుమీద తొండం అతికిస్తే పైపు బిగించినట్టుంది! మూడురోజులు తల పట్టుకున్నాక పిల్లవాడు ఏనుగు ఫొటో తెచ్చి చూపించాడు. ఏనుగుకు ముక్కూ పైపెదవీ కలిసిపోయి తొండమైంది. అందుచేత తొండం ఉన్న జంతువుకు వేరే పైపెదవి ఉండదు. మేం పైపెదవి తీసేసి, నుదుటినుంచి ఒకే వాలుగా తొండంలోకి దించాం. అంతే, యాళికి ప్రాణం వచ్చినట్టయింది.

వెనకపలక అర అంగుళం మందం ప్లైవుడ్. దానికే ముందుగా రెండు గట్టి కొక్కేలు బిగించండి. తల అంతా తయారయ్యాక మేకు కొడితే అదిరి పగులుతుంది. పలకకు కోళ్ళగూటికి వాడే ఇనుపవల చుట్టి, మెడా పుర్రే ఆకారం తెచ్చాం. వల లోపల కాగితం ఉండలు కుక్కి, పైన దారంతో బిగించాం. తొండానికి పాతచీరను తాడులా పేని లోపల గట్టి తీగె పెట్టాం. మా తల పైనుంచి కిందకు రెండున్నర అడుగులు, గోడనుంచి తొండపు మలుపుదాకా రెండడుగులు. ఇంత పెద్దది ఎందుకన్నది మా అత్తయ్య. చిన్నదైతే బొమ్మ అంటారు, గోడకు మించి ఉంటేనే జంతువంటారని నా ఉద్దేశం. వల అంచులు చేతులు చీరేస్తాయి. ఆ పని పెద్దవాళ్ళు చెయ్యాలి.

జిగురు మైదాతో. గిన్నెడు మైదాకు ఆరు గిన్నెల నీళ్ళు. ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, తక్కిన నీళ్ళు మరుగుతుండగా పోసి, గరిటెజారుగా అయ్యేవరకూ కలియబెట్టాలి. పుస్తకాలు కుట్టేవారు పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు. అది విషం. పిల్లలు చేతులు పెట్టే పనికి నేను వెయ్యలేదు. మీకు ఓపిక ఉంటే చింతగింజల జిగురు దీనికంటే మేలు. గింజలు వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడకబెట్టాలి. కొండపల్లి బొమ్మలవాళ్ళు చేతులూ కాళ్ళూ అతికే మక్కు చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపినదే. చేర్యాల మాస్కులకూ అటువంటి ముద్దనే వాడతారు. గట్టిపడితే కొయ్యకూ దానికీ తేడా తెలియదు.

పేపరు ముక్కలు కత్తిరించకూడదు, చింపాలి. చింపిన అంచు పలచబడి పక్కదానిమీద అణిగిపోతుంది. కత్తిరించిన అంచు గీతలాగా నిలబడుతుంది. అంగుళం వెడల్పు చాలు. ఒక పూత తెలుగు పేపరూ, దానిమీద పూత ఇంగ్లీషు పేపరూ వెయ్యండి. ఎక్కడైనా తెలుగు కనబడితే అక్కడ రెండో పూత పడలేదన్నమాట. ఇది మావయ్య ఉపాయం. పేపరు చదవటం మానేసి చింపటం మొదలుపెట్టింది ఆ రోజునే. నాలుగు పూతలు వేశాం. మధ్యమధ్య చదువుతూ ఆగిపోవటంతో ఆలస్యమవుతున్నదని పిల్లలు ఆయనను రెండుసార్లు మందలించారు.

ఒక పూత పూర్తిగా ఆరేదాకా రెండోది వెయ్యకండి. ఈ మాట చెప్పవలసినంత గట్టిగా నాకెవరూ చెప్పలేదు. మే నెలాఖరున రెండు పూతలు ఒక్కపూటే ఎండాయి గదా అన్న ధీమాతో, జూన్ మొదటి వానరోజున మూడూ నాలుగూ వరసగా వేసేశాను. పైకి ఎండినట్టే ఉంది. నాలుగోనాటికి హాలంతా పులిసిన పిండి వాసన. దవడ వెనకాల నల్లటి బూజు. పిల్ల ఏమీ అనలేదు గాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దవడనుంచి మెడదాకా పీకి పారేసి, పంకా కింద పెట్టి, మళ్ళీ మొదలుపెట్టాం. మెడకింద రెండు చిన్న రంధ్రాలు ఉంచితే లోపలి తేమ పోతుందని అప్పుడు తెలిసింది. మీరు సంక్రాంతి ఎండల్లో మొదలుపెట్టండి.

ముడతలకూ కనుబొమలకూ కాగితపు గుజ్జు కావాలి. పేపరు ముక్కలు రాత్రంతా నానబెట్టి, రోట్లో దంచి, నీళ్ళు పిండి, జిగురూ సుద్దపొడీ కలిపితే చపాతీపిండిలా వస్తుంది. (మిక్సీలో వేశారంటే అత్తయ్యలాంటి వారు వారంరోజులు మాట్లాడరు.) రెండువైపులా సమంగా వచ్చిందా అని కంటితో చూస్తే తెలియదు. చూసిచూసి కన్ను అలవాటు పడిపోతుంది. అద్దంలో చూడండి. తేడా వెంటనే బయటపడుతుంది. మా యాళికి ఎడమ దవడ పన్నునొప్పి వచ్చినట్టు ఉబ్బి ఉందని అద్దమే చెప్పింది. గుజ్జు ఆరాక, వెలిసిపోయిన పలుచని నూలుచీర ముక్కలు జిగురులో ముంచి తొండంమీద పరిచాం. వేళ్ళతో నెడుతూ పోతే అదే ముడతలు పడుతుంది. ఏనుగుతోలు అంత తేలికగా వస్తుందని నేననుకోలేదు.

కళ్ళు పెట్టవలసిన రోజు వచ్చింది.

ప్లాస్టిక్ బంతిని సగానికి కోసి, రెండు అర్ధచంద్రాల్లా గుంతల్లో అమర్చాం. కనుపాపలు పిల్లవాడు వేశాడు. నిప్పుకణాల్లా ఎర్రగా, చుట్టూ తెల్లగుడ్డు కనబడేట్టు. పైన గుజ్జుతో కోపపు కనుబొమలు. చూస్తే భయం వేసింది. బాగుందని అందరం అన్నాం.

మావయ్య వచ్చి చూశాడు. చాలాసేపు నిలబడ్డాడు. “ఇవి వద్దురా” అన్నాడు.

“ఏం తాతయ్యా? దున్నకు కూడా యిట్లాగే ఉండేవిగా?”

“అందుకే వద్దంటున్నాను.”

మావయ్యకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. ఆ వేటకు తాతగారు తనను కూడా తీసుకువెళ్ళారన్న సంగతి ఇన్నేళ్ళలో ఎన్నడూ మాతో అనలేదు. అప్పటికి తొమ్మిదో ఏడు. సాయంకాలం చీకటి పడుతుండగా కాల్చారట. దెబ్బ సరిగా తగలక దున్న లోయలోకి దిగిపోయింది. గాయపడిన దున్న వెనకాల చీకట్లో ఎవరూ పోరు, తెల్లవారేదాకా ఆగుతారు. అది రాత్రంతా కింద రొప్పుతూనే ఉన్నదట. తాతగారు గుడారంలో నిద్రపోలేదు. “చెవులు మూసుకుని పడుకోరా” అని మాత్రం ఒకసారి అన్నారట. పొద్దున్న వాగు ఒడ్డున కనబడింది. అప్పటికీ ప్రాణంతోనే ఉన్నది.

“నన్ను చూసింది. కోపంగా కాదు. నువ్వెవరివిరా అన్నట్టు చూసింది. అలిసిపోయి చూసింది” అన్నాడు. “ఆరునెలలకు పెట్టెలో తయారై వచ్చిన తలకేమో ఎర్రటి గాజుకళ్ళు పెట్టి, ముక్కుపుటాలు ఎగరేసి ఉన్నారు. మనమీదకు దూకబోతుంటే చంపినట్టు! అందరూ ‘అబ్బో’ అనేవారు. నేనేమీ అనలేదు. మీ తాతగారు కూడా దానివైపు చూసి కూర్చునేవారు కాదు, ఎప్పుడైనా గమనించావా?”

నేను గమనించలేదు. ఆయన పడకకుర్చీ ఎప్పుడూ కిటికీవైపు తిరిగి ఉండేది. గాలికోసమనుకున్నాను.

పిల్లవాడు తల వంచుకుని ఎర్రరంగు సీసాకు మూత పెట్టేశాడు. తరువాత వాడే అడిగాడు: “మరి ఎట్లా చూడాలి, తాతయ్యా?”

కంటిలో భావం కనుగుడ్డులో ఉండదని, రెప్పలో ఉంటుందని ఆ మూడురోజుల్లో నేర్చుకున్నాం. కనుపాప పైన తెల్లగుడ్డు కనబడితే బెదురు, లేక కోపం. పైరెప్ప దిగి కనుపాప అంచును కొంచెం మూస్తే నెమ్మది. మరీ దిగితే నిద్రమొహం. కనుబొమలు ముక్కువైపు వాలితే కోపం, లోపలి కొసలు లేస్తే బాధ. యాళికి కనుగుడ్లు ఉబ్బే ఉండాలి, లేకపోతే యాళి కాదు. గుడ్లు అట్లాగే ఉంచి, పైరెప్పలు వేలెడు మందం కిందికి దించాం. మావయ్య కుర్చీ జరుపుకుని కూర్చోవటం, “ఇంకొంచెం” అనటం, పిల్ల తడివేలితో గుజ్జును సవరించటం. కనుపాపలు తేనెరంగు వేసి, ఆరాక వార్నిషు మూడుసార్లు పూశాం. తడి కన్నులా మెరిసింది. మూడోనాడు సాయంత్రం మావయ్య, “ఆఁ” అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

రంగు సంగతి త్వరగా చెప్పేస్తాను. ముందు తలంతా ముదురు గోధుమరంగు కొట్టండి. ఆరాక, కుంచెకు లేతరంగు అద్ది, గుడ్డకు తుడిచి, దాదాపు పొడికుంచెతోనే ఎత్తులమీద రుద్దండి. ముడతల్లో ముదురు మిగిలిపోయి తోలుకు లోతు వస్తుంది. దంతాలు తెల్లగా వెయ్యకండి. పండ్లపొడి ప్రకటనలా ఉంటుంది. కొంచెం పసుపూ, చిగుళ్ళ దగ్గర కాస్త గోధుమరంగూ కలపండి.

తలంతా కలిపి నాలుగు కిలోలకు మించలేదు. దున్నను దించటానికి నలుగురు మనుషులు కావలసివచ్చింది. యాళిని పిల్ల ఒక్కతే ఎత్తి కొక్కేలకు తగిలించింది. తొండపు మలుపు కింద గోడమచ్చ చాలావరకు మరుగుపడింది.

చివరిరోజున మా అత్తయ్య పెట్టిన పేచీ కూడా చెప్పాలి. “శుభమా అని యింట్లో మొండెంలేని తల ఏమిటే? చంపి తెచ్చినట్టు!” అన్నది. ఆవిడకు జవాబు పక్కింటి పురోహితులవారు చెప్పారు. గుళ్ళో తోరణంమీద, ద్వారబంధం పైన, మొండెంలేని సింహపుమొహం చూస్తున్నాం గదా, కీర్తిముఖమని. దాన్ని ఎవరూ వేటాడలేదు. జలంధరుడు రాహువును శివుడి దగ్గరకు దూతగా పంపి పార్వతినే అడిగించాడు. శివుడి కోపంనుంచి ఒక భయంకరమైన ఆకారం పుట్టి రాహువుమీదకు వెళ్ళింది. రాహువు కాళ్ళమీద పడితే శివుడు వదిలిపెట్టాడు. మరి నా ఆకలి మాటేమిటన్నది ఆ భూతం. నిన్ను నువ్వే తిను అన్నాడు శివుడు. అది తోకనుంచి మొదలుపెట్టి మొహం ఒక్కటే మిగిలేదాకా తిన్నదట. మెచ్చి, నా గుమ్మంమీద నువ్వుండు అన్నాడట. అత్తయ్య కథంతా విని, “అయితే దీనికీ ఒళ్ళు ఇదే తినేసిందనుకోమంటారు” అని, కుంకుమభరిణె తెచ్చి తొండంమీద బొట్టు పెట్టింది. వార్నిషు పూర్తిగా ఆరలేదు. ఆ బొట్టు ఇప్పుడు ఊడదు.

ఇక మిగిలింది రేకు. పాత ఇత్తడిరేకును అటవీశాఖవారు తీసుకోలేదు, మావయ్య బీరువాలో ఉంది. కొత్తరేకు అట్టముక్కమీద పిల్లవాడు వ్రాశాడు. “జంతువు: యాళి. దొరికిన చోటు: పెరటివరండా. తేదీ:” అని వేసి, “వేటాడినవారు:” దగ్గర ఆగి, మా నలుగురి పేర్లూ వ్రాయాలా, తన ఒక్కడిదేనా అని ఆలోచిస్తున్నాడు. మావయ్య కలం తీసుకుని ఆ మాట కొట్టేసి, పైన “చేసినవారు” అని వ్రాశాడు. తన పేరు చివర వేసుకున్నాడు. అక్షరాలు కొంచెం వణికాయి.

ఆ అట్టను తీసుకువెళ్ళి ఇత్తడిమీద చెక్కించుకు రమ్మని పంపితే, కొట్టువాడు “చేసినవారు” బదులు “చూసినవారు” అని చెక్కి యిచ్చాడు. మార్పిస్తానంటే మావయ్య వద్దన్నాడు. నాలుగు మరలూ తనే బిగించాడు. కుర్చీ ఇప్పుడు గోడవైపు తిరిగి ఉంది.

సోదరికి మనవి: మీ గోడ కొలత వ్రాసి పంపండి. తల ఎంత పెద్దది ఉండాలో చెబుతాను.